గొట్టం 11 డిగ్రీలు చూపించిన రోజు: మెకానికల్ మాస్టర్స్‌లో నా అనుభవం

మాస్టర్స్‌లో నా మొదటి అసైన్‌మెంట్ ఫైనైట్ ఎలిమెంట్ కోర్సులోది. వస్తువును ఎలిమెంట్లు అనే చిన్న ముక్కలుగా విడగొట్టి కంప్యూటర్‌తో లెక్క కట్టే పద్ధతి అది. ఒక చివర గోడకు బిగించి ఉన్న బీమ్, రెండో చివర బరువు. ఆ కొస ఎంత కిందికి వంగుతుందో చెప్పాలి. రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ వాడకూడదు, ప్రోగ్రామ్ మొత్తం మనమే రాయాలి. బ్యాచిలర్స్‌లో చేత్తో ఎన్నోసార్లు చేసిన లెక్కే అది, సూత్రం నోటికి వచ్చు. రెండు రాత్రులు కూర్చుని ప్రోగ్రామ్ రాశాను. ఎక్కడా ఎర్రర్ లేకుండా నడిచింది. వచ్చిన జవాబు మాత్రం సూత్రం చెప్పినదాంట్లో మూడో వంతు కూడా లేదు.

వారం రోజులు తప్పు వెతికాను. ప్రతి లైనూ చదివాను, ప్రతి మ్యాట్రిక్స్‌నీ కాగితం మీద మళ్లీ కట్టి చూశాను. ప్రోగ్రామ్‌లో తప్పు లేదు. తప్పంతా నేను ఎంచుకున్న ఎలిమెంట్‌లో ఉంది. ఎత్తుకు పది రెట్లు పొడవున్న బీమ్‌ని నాలుగు నోడ్ల (మూలల్లో మాత్రమే లెక్క బిందువులుండే) ఎలిమెంట్లు నాలుగింటితో సరిపెట్టాను. ఆ ఎలిమెంట్ అంచులు ఎప్పుడూ తిన్నగానే ఉంటాయి, వంపు తిరగలేవు. బీమ్ వంగాల్సిన చోట అవి షియర్‌ని, అంటే పొరలు ఒకదాని మీద ఒకటి జారినట్టుండే వికారాన్ని పుట్టించి, అసలు వస్తువులో లేని బిగుతును తెచ్చిపెడతాయి. దీన్నే షియర్ లాకింగ్ అంటారు. అంచుల మధ్యలో కూడా నోడ్లు ఉండే ఎనిమిది నోడ్ల ఎలిమెంట్ పెట్టగానే జవాబు సూత్రం దగ్గరికి వచ్చేసింది.

ఆ రోజు సంతోషం కన్నా భయమే ఎక్కువ వేసింది. బీమ్ సూత్రం ముందే తెలుసు కాబట్టి తప్పు పట్టుకోగలిగాను. సూత్రం లేని సమస్య అయితే ఆ మూడో వంతు జవాబునే రిపోర్టులో రాసి ఇచ్చేదాన్ని. ప్రోగ్రామ్ నడిచింది, రంగురంగుల బొమ్మ వచ్చింది, ఇంకేం కావాలి అనుకునేదాన్ని. అప్పటిదాకా నా చదువంతా పుస్తకం వెనక పేజీల్లో జవాబు ఉన్న లెక్కలతోనే సాగింది. ఇక్కడ వెనక పేజీలు లేవు. నా అంకె సరైనదో కాదో నేనే తేల్చుకోవాలి. రెండేళ్ల మాస్టర్స్‌లో నేను నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం ఇదే.

కోర్సుల గురించి క్లుప్తంగా చెప్తాను. అందరినీ మొదట బెదరగొట్టేది కంటిన్యూమ్ మెకానిక్స్, అంటే పదార్థాన్ని అణువులుగా కాకుండా ఎడతెగని మొత్తంగా చూసే మెకానిక్స్. టెన్సర్లు, కింద రాసే చిన్న అక్షరాలు, ఒకే అక్షరం రెండుసార్లు వస్తే కూడిక అని అర్థం చేసుకోవాలనే నియమం. మొదటి నెల అంతా అదేదో కొత్త లిపి నేర్చుకుంటున్నట్టు ఉంటుంది. రోజూ ఓ గంట చేత్తో రాస్తూ పోతే ఒక రోజు హఠాత్తుగా చదవడం వచ్చేస్తుంది. ఆ తర్వాత ఘనపదార్థాల మెకానిక్స్, ద్రవాల మెకానిక్స్ అని బ్యాచిలర్స్‌లో విడివిడిగా చదివినవి ఒకే సమీకరణానికి రెండు కొమ్మలని కనిపిస్తుంది. ఆ రోజు కోసం ఓపిక పట్టండి. వైబ్రేషన్స్, అడ్వాన్స్‌డ్ థర్మోడైనమిక్స్ వంటివి బేసిక్స్ గట్టిగా ఉంటే నడిచిపోతాయి. మ్యాథ్స్ కోర్సు ఉంటే మాత్రం మొదటి సెమిస్టర్‌లోనే తీసుకోండి. పార్షియల్ డిఫరెన్షియల్ సమీకరణాలు రాకుండా హీట్ ట్రాన్స్‌ఫర్ కోర్సులో కూర్చున్న మా క్లాస్‌మేట్స్ చాలా ఇబ్బంది పడ్డారు.

థీసిస్ చేయాలా, కోర్సులతో సరిపెట్టాలా అన్న ప్రశ్న మొదటి ఏడాది చివర్లో వచ్చింది. ఉద్యోగమే లక్ష్యమైతే కోర్సులు చాలని చాలామంది చెప్పారు. అందులో తప్పేమీ లేదు. నాకు మాత్రం ఆ బీమ్ లెక్క మనసులో నిలిచిపోయింది. చేత్తో ఒక సెటప్ కట్టి, కొలిచి, ఆ కొలతను నిలబెట్టి చూడాలనిపించింది. గైడ్‌ని ఎంచుకునేటప్పుడు నేను చేసిన మంచి పని ఒక్కటే. ముందు వాళ్ల దగ్గర పనిచేస్తున్న విద్యార్థులతో మాట్లాడాను. వారానికి ఎన్నిసార్లు కలుస్తారు, రీడింగ్స్ తప్పు వచ్చినప్పుడు ఏమంటారు అని అడిగాను. నేను చేరిన మేడమ్ గురించి ఒక సీనియర్ అక్క చెప్పిన మాట ఇది: "తప్పు వస్తే తిట్టరు. కానీ ఎందుకు వచ్చిందో చెప్పేదాకా వదలరు."

నాకిచ్చిన టాపిక్ వినడానికి చిన్నదే. గొట్టంలో నీళ్లు నెమ్మదిగా, లామినార్‌గా (పొరలు ఒకదాంట్లో ఒకటి కలవకుండా) పారుతున్నప్పుడు గోడ నుంచి నీళ్లలోకి వేడి సరిగా చేరదు. గోడ పక్కన ఉన్న పొర వేడెక్కుతుంది, మధ్యలో ఉన్న నీళ్లు చల్లగానే దాటిపోతాయి. లోపల మెలితిప్పిన పట్టీ ఒకటి పెడితే నీళ్లు సుడి తిరుగుతూ కలుస్తాయి, వేడి బాగా అందుకుంటాయి. దీన్ని ట్విస్టెడ్ టేప్ అంటారు, ఎప్పటినుంచో ఉన్న ఉపాయం. హాంగ్, బెర్గెల్స్ అనే పరిశోధకులు 1976లో సరిగ్గా ఇలాంటి ప్రయోగమే చేసి ప్రచురించారు. నేను చేయాల్సింది పట్టీని గొట్టం పొడవునా కాకుండా ముక్కలుగా పెడితే ఏమవుతుందో చూడటం. మేడమ్ ఒకే షరతు పెట్టారు.

"ముందు పట్టీ లేని ఖాళీ గొట్టం. దాని ఫలితం సరిగ్గా వచ్చాకే పట్టీ ముట్టుకోవాలి."

ఖాళీ గొట్టం ఒక నెలలో అయిపోతుందనుకున్నాను. ఎనిమిది నెలలు పట్టింది.

సెటప్ ఇది. లోపలి వ్యాసం 6 మిల్లీమీటర్లు, గోడ మందం అర మిల్లీమీటరు ఉన్న స్టెయిన్‌లెస్ స్టీల్ గొట్టం, వేడి చేసే భాగం ఒక మీటరు పొడవు. బయట హీటర్ చుట్టలేదు. గొట్టం లోహంలోంచే నేరుగా డీసీ కరెంటు పంపితే గొట్టమే హీటర్ అవుతుంది. పొడవునా ఒకే మందం కాబట్టి వేడి కూడా అంతటా సమంగా పుడుతుంది. 53 ఆంపియర్లు, 3.8 వోల్టులు, అంటే దాదాపు 200 వాట్లు. నీళ్లు నిమిషానికి అర లీటరు. ఫ్లో మీటర్ మీద ఆధారపడకుండా, బయటికి వచ్చే నీళ్లను ఒక పాత్రలో పట్టి, స్టాప్‌వాచ్ పెట్టి, తూకం వేసి కొలిచేదాన్ని. మొరటుగా కనిపిస్తుంది కానీ ఇంతకన్నా నమ్మకమైన పద్ధతి మా ల్యాబ్‌లో లేదు. గొట్టం గోడ మీద ఆరు చోట్ల, ఒక్కో చోట పైన ఒకటి కింద ఒకటి, మొత్తం పన్నెండు థర్మోకపుల్స్ (రెండు రకాల లోహపు తీగలు కలిపి, వచ్చే చిన్న వోల్టేజీని బట్టి ఉష్ణోగ్రత చెప్పే సెన్సర్లు).

అవి కె టైప్ థర్మోకపుల్స్. కొన్నవాటిని కొన్నట్టే వాడితే 2.2 డిగ్రీల దాకా తేడా ఉండొచ్చని ప్రమాణమే చెబుతుంది. నా నీళ్లు లోపలికి వెళ్లి బయటికి వచ్చేసరికి పెరిగేది లెక్క ప్రకారం 5.7 డిగ్రీలు. రెండు చివర్లా 2.2 డిగ్రీల సందేహం ఉంటే ఆ 5.7కి అర్థమే ఉండదు. అందుకని ఐస్ నీళ్లలోనూ, ఉష్ణోగ్రత స్థిరంగా ఉంచే బాత్‌లోనూ ముంచి, మంచి థర్మామీటర్‌తో పోల్చి ఒక్కోదాన్నీ క్యాలిబ్రేట్ చేశాను. రెండు వారాల పని. చివరికి అన్నీ 0.1 డిగ్రీ తేడాలోకి వచ్చాయి. కరెంటు ఆపేసి నీళ్లు మాత్రమే వదిలితే పన్నెండూ ఒకే అంకె చూపించాయి, 24 డిగ్రీలు. ఇక అంతా సిద్ధం అనుకుని పవర్ సప్లై ఆన్ చేశాను.

మూడో చోట పైనున్న థర్మోకపుల్ 47కి వెళ్లింది. ఐదో చోట కిందున్నది 11కి పడిపోయింది.

నీళ్లు 24 డిగ్రీలు. గొట్టాన్ని వేడి చేస్తున్నాను. అందులో ఒక చోట 11 డిగ్రీలు. రీడింగ్స్ నమోదు చేసే డేటా లాగర్ పాడైందనుకుని ఛానెళ్లు మార్చాను. అదే కథ. కనెక్టర్లు విప్పి మళ్లీ బిగించాను. రెండు రోజులు అలాగే గడిచాయి. మూడో రోజు మా ల్యాబ్ టెక్నీషియన్ వచ్చి వెనక నిలబడి చూశారు. ఆయన అక్కడ ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్నారు, మేమంతా అన్నా అనే పిలిచేవాళ్లం.

"ఇంకోసారి ఆఫ్ చేసి ఆన్ చెయ్ అమ్మా, స్క్రీన్ చూస్తూ."

చేశాను. ఆన్ చేసిన క్షణంలోనే ఆ అంకె 24 నుంచి 47కి వెళ్లింది. తర్వాతే నెమ్మదిగా పైకి పాకడం మొదలైంది.

"వేడి అలా గెంతదు," అన్నారు. "అది కరెంటు."

ఆ మాటతో మొత్తం అర్థమైంది. గోడకు బాగా అతుక్కుని ఉంటేనే సరైన ఉష్ణోగ్రత చెబుతుందనుకుని, థర్మోకపుల్ తీగల్ని నేనే స్వయంగా గొట్టానికి స్పాట్ వెల్డ్ చేశాను. థర్మోకపుల్‌లో రెండు తీగలుంటాయి. రెండూ గొట్టాన్ని సరిగ్గా ఒకే బిందువులో తాకవు. మీటరు గొట్టం మీద 3.8 వోల్టులంటే మిల్లీమీటరుకు 3.8 మిల్లీవోల్టులు. కె టైప్ థర్మోకపుల్ ఒక డిగ్రీకి ఇచ్చేది సుమారు 41 మైక్రోవోల్టులు. తీగల మధ్య పొడవు దిశలో పావు మిల్లీమీటరు ఎడం ఉంటే చాలు, గొట్టంలో పారే కరెంటు వల్లే దాదాపు 23 డిగ్రీల తప్పు వస్తుంది. ఏ తీగ ముందుంది, ఏది వెనకుంది అన్నదాన్ని బట్టి కొన్ని ఎక్కువ చూపిస్తాయి, కొన్ని తక్కువ.

ఇది ఊహ కాదని నిరూపించడం సులువే. పవర్ సప్లై తీగలు అటూ ఇటూ మార్చి కరెంటు దిశ తిప్పేయాలి. వేడి ఏ దిశలోనైనా అంతే పుడుతుంది, కానీ ఈ దొంగ వోల్టేజీ గుర్తు మారుతుంది. మార్చి చూశాను. స్థిరపడ్డాక మొదట 61 చూపించిన థర్మోకపుల్ ఇప్పుడు 15 చూపించింది. రెండింటి సగటు 38. అదే దాని అసలు ఉష్ణోగ్రత. ఆ గ్రాఫ్ ప్రింట్ తీసి నోట్‌బుక్‌లో అంటించుకున్నాను, ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

పన్నెండు థర్మోకపుల్స్‌నీ పీకి, మధ్యలో కరెంటు పారనివ్వని పల్చటి క్యాప్టన్ టేపు పొర, దాని మీద కొంచెం థర్మల్ పేస్ట్ పెట్టి మళ్లీ కట్టడానికి మూడు వారాలు పట్టింది. కట్టిన ప్రతిదాన్నీ మల్టీమీటర్‌తో చెక్ చేశాను, గొట్టానికి తగలడం లేదని. పవర్ సప్లైకీ గొట్టానికీ మధ్య కరెంటు దిశ మార్చే స్విచ్ ఒకటి శాశ్వతంగా పెట్టించాను. ఇక ముందు ప్రతి రీడింగూ రెండు దిశల్లోనూ తీయాలని నిర్ణయించుకున్నాను. రెట్టింపు పని, అయినా ఒక్క రోజు కూడా మానలేదు.

తర్వాతి సమస్య వేడి లెక్క. విద్యుత్తు రూపంలో 200 వాట్లు ఇస్తున్నాను. నీళ్లు ఎంత తీసుకెళ్తున్నాయో ప్రవాహం, ఉష్ణోగ్రత పెరుగుదల బట్టి లెక్క కడితే 163 వాట్లు. మిగతా 37 ఎక్కడికి పోయాయి? ఇన్సులేషన్ సరిపోలేదనుకుని గ్లాస్ వూల్ రెట్టింపు చేశాను. 165 అయింది. అంతే.

మేడమ్‌కి చూపిస్తే ఆవిడ సమాధానం చెప్పలేదు, ఒక ప్రశ్న వేశారు.

"ఇన్సులేషన్‌లోంచి అంత పోతోందని నీకెలా తెలుసు? కొలిచావా?"

కొలవలేదు. పోతోందని అనుకున్నాను, అంతే. కొలిచే పద్ధతి ఉంది. నీళ్లు తీసేసి, ప్రవాహం లేకుండా, గొట్టం మామూలు ప్రయోగంలో ఉండేంత ఉష్ణోగ్రతలోనే నిలిచేలా కొద్దిగా కరెంటు ఇవ్వాలి. స్థిరపడ్డాక ఇచ్చే ఆ కొద్ది పవరంతా బయటికి పోయే వేడే. నాకు వచ్చింది 6 వాట్లు. అంటే మూడు శాతం. మిగిలిన ముప్పై వాట్లు ఎక్కడికీ పోలేదు. నేనే వాటిని చూడలేకపోతున్నాను.

తప్పు బయటికి వచ్చే నీళ్ల ఉష్ణోగ్రతలో ఉంది. వేడి భాగం దాటి, ఒక మలుపు తర్వాత, గొట్టం మధ్యలో థర్మోకపుల్ పెట్టాను. లామినార్ ప్రవాహంలో మధ్యలోని నీళ్లే అన్నిటికన్నా చల్లనివి. నా థీసిస్ మొదటి పేజీలో నేనే రాసుకున్న వాక్యం అది. మలుపు కొంత కలిపింది కానీ పూర్తిగా కలపలేదు. నేను కొలిచింది మధ్య నీళ్ల ఉష్ణోగ్రత, మొత్తం నీళ్ల సగటు కాదు. లోపల అడ్డు పలకలున్న చిన్న డబ్బా ఒకటి చేయించి, నీళ్లన్నీ అందులో బాగా కలిసి బయటికి వెళ్లేలా పెట్టి, దాని చివర కొలిచాను. ఉష్ణోగ్రత పెరుగుదల 4.7 నుంచి 5.5 డిగ్రీలైంది. లోటు నాలుగు శాతానికి దిగింది. అందులో మూడు శాతం ఎక్కడ పోతోందో ఇప్పుడు నాకు తెలుసు. ఆ సాయంత్రం ల్యాబ్ తాళం వేస్తుంటే చేతులు తేలిగ్గా అనిపించాయి.

ఇదంతా ఒక మధ్యాహ్నంలో తేలిన విషయంలా చదువుకుంటున్నారేమో, వేడి లెక్క ఒక్కటే రెండు నెలలు. మధ్యలో ఇంట్లో ఫోన్ చేసి మానేస్తానని చెప్పిన రోజు కూడా ఉంది. తోటివాళ్లు అప్పటికే గ్రాఫులు గీసుకుంటున్నారు. నా దగ్గర చూపించడానికి ఏమీ లేదు, తప్పులు తప్ప. ఆ టెన్షన్‌లో ఉన్నవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, ప్రయోగాల థీసిస్‌లో మొదటి ఆరేడు నెలలు ఇలాగే గడవడం మామూలేనని నేను చెప్పగలను. అది నా సెటప్‌లో లోపమో, నాలో లోపమో అనుకుని కుంగిపోయాను, అవసరం లేకపోయింది.

ఇక అసలు అంకె. గోడ నుంచి నీళ్లలోకి వేడి ఎంత బాగా వెళ్తోందో చెప్పేది నసెల్ట్ నంబర్. గోడ పొడవునా ఒకేలా వేడి చేసే గొట్టంలో లామినార్ ప్రవాహం పూర్తిగా స్థిరపడ్డాక అది 4.36. ఈ అంకె ప్రతి హీట్ ట్రాన్స్‌ఫర్ పుస్తకంలోనూ ఉంటుంది. నా గొట్టం పొట్టిది, ప్రవాహం ఉష్ణోగ్రత పరంగా ఇంకా స్థిరపడి ఉండదు, కాబట్టి చివరి దగ్గర కూడా 5.7 దాకా ఉండాలి. కంప్యూటర్‌లో సిమ్యులేషన్ చేసి చూసినా అదే వచ్చింది. మెష్‌ని, అంటే లెక్క కోసం గొట్టాన్ని విడగొట్టిన గడుల వలను, మూడుసార్లు సన్నం చేసినా అంకె కదల్లేదు. రెసిడ్యువల్స్ (సమీకరణాల్లో మిగిలిపోయే తేడాలు) చక్కగా దిగిపోయాయి. మెష్ వల్ల ఎంత తేడా ఉండొచ్చో రోచ్ 1994లో ప్రతిపాదించిన గ్రిడ్ కన్వర్జెన్స్ ఇండెక్స్‌తో లెక్క కట్టి అదీ రాసుకున్నాను. అంతా పకడ్బందీగా ఉంది.

ప్రయోగంలో మాత్రం 8 దాటింది.

మొదటి అనుమానం ప్రవాహం టర్బులెంట్‌గా, అంటే అల్లకల్లోలంగా మారుతోందేమోనని. ప్రవాహం లామినార్‌గా ఉంటుందో, టర్బులెంట్ అవుతుందో సూచించే రెనాల్డ్స్ నంబర్ నాకు సుమారు 2,000. పుస్తకాల్లో 2,300 దగ్గర హద్దు గీస్తారు కానీ అది గోడ కట్టినట్టు ఉండే హద్దు కాదు. ఆస్బర్న్ రెనాల్డ్స్ 1883లో గాజు గొట్టంలో రంగు వదిలి చేసిన ప్రయోగాల్లోనే, నీళ్లు ఏ కుదుపూ లేకుండా ప్రవేశిస్తే అంతకు ఎన్నో రెట్లు పైదాకా లామినార్‌గానే పారాయి. అలాగే ప్రవేశం దగ్గర కుదుపు ఉంటే తొందరగానే అస్థిరత మొదలుకావొచ్చు. సరే, పరీక్షిద్దామని ప్రవాహాన్ని సగానికి తగ్గించాను. రెనాల్డ్స్ నంబర్ 1,000. టర్బులెన్సే కారణమైతే ఆ అదనం మాయమవ్వాలి. మాయం కాలేదు.

అప్పుడు పాత రీడింగ్స్ అన్నీ ముందు వేసుకుని కూర్చున్నాను. పైన, కింద థర్మోకపుల్స్ మధ్య ప్రతి చోటా తేడా ఉంది. ప్రతిచోటా పైదే ఎక్కువ, మూడు డిగ్రీల దాకా. ఇంతకు ముందు వాటిని సగటు చేసి వాడేశాను, అతికించడంలో తేడాలై ఉంటాయని. అదే నిజమైతే గొట్టాన్ని బోర్లా తిప్పినప్పుడు ఆ ఎక్కువ రీడింగ్ కూడా థర్మోకపుల్‌తో పాటే కిందికి రావాలి. జాయింట్లు వదులు చేసి గొట్టాన్ని సగం చుట్టు తిప్పాను. కింద ఉన్నవి పైకి వచ్చాయి. ఇప్పుడు అవే ఎక్కువ చూపించాయి. థర్మోకపుల్ ఏదైనా, పైన ఉన్నదే వేడి.

గురుత్వాకర్షణ. గోడ పక్కన వేడెక్కిన నీళ్లు తేలికై రెండు పక్కల నుంచీ గోడ వెంట పైకి పాకుతాయి, మధ్యలోని చల్లని నీళ్లు కిందికి దిగుతాయి. నీళ్లు ముందుకు పారుతూనే గొట్టం లోపల రెండు మెల్లని సుడులు తిరుగుతుంటాయి. ఆ కలయిక వల్లే వేడి ఎక్కువ అందుతోంది. పైకి చేరిన వేడి నీళ్ల వల్లే పై గోడ వేడిగా ఉంది. నా సిమ్యులేషన్‌లో ఇది ఎందుకు కనిపించలేదంటే, కంప్యూటర్ సమయం ఆదా చేయడానికి గొట్టం చుట్టూ అంతా ఒకేలా ఉంటుందని అనుకుని రెండు డైమెన్షన్ల (2డి) మోడల్ వేసుకున్నాను. పైకీ కిందకీ తేడా ఉండే అవకాశమే ఆ మోడల్‌లో లేదు. మెష్ ఎంత సన్నం చేసినా దాన్లోకి గురుత్వం రాదు. అంకె కదలకుండా నిలిచిందంటే, నేను అడిగిన ప్రశ్నకు కచ్చితమైన జవాబు వచ్చిందని మాత్రమే అర్థం. ప్రశ్నే తప్పు. మూడు డైమెన్షన్లలో (3డి), గురుత్వంతో, ఉష్ణోగ్రతను బట్టి సాంద్రత మారేలా మళ్లీ చేస్తే కంప్యూటర్ రాత్రంతా నడిచి పొద్దున్నకి 8 దగ్గర అంకె ఇచ్చింది. గొట్టం అడ్డుకోత బొమ్మలో రెండు సుడులూ పక్కపక్కనే కనిపించాయి. ఆ బొమ్మని చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

మేడమ్ ఆ రోజు మొదటిసారి, "ఇక పట్టీ పెట్టుకో," అన్నారు.

పట్టీ పని ఆరు వారాల్లో అయిపోయింది. లోహపు పట్టీ పెడితే కరెంటు దాంట్లోంచి కూడా పారుతుంది కాబట్టి ప్లాస్టిక్‌తో చేయించాను. పొడవునా పట్టీ ఉంటే నసెల్ట్ నంబర్ రెట్టింపుకు పైగా అయింది, పీడన నష్టం (నీళ్లను తోయడానికి పడే భారం) అంతకన్నా ఎక్కువ పెరిగింది. ముక్కలుగా పెడితే నసెల్ట్ నంబర్‌లో కొంత వదులుకుని పీడన నష్టంలో చాలా ఆదా చేయొచ్చు. సుడి ఒక ముక్క దాటాక కూడా కొంత దూరం బతికే ఉంటుంది. ఇవన్నీ ఇంతకు ముందు ఇతరులు చెప్పినదానికి దగ్గరగానే వచ్చాయి. నాకు బాగా నచ్చింది వేరే ఫలితం. పట్టీ పెట్టగానే పై గోడకూ కింది గోడకూ మధ్య ఉన్న ఆ మూడు డిగ్రీల తేడా దాదాపుగా పోయింది. సుడి ముందు గురుత్వం ఓడిపోయింది. నెలల తరబడి నన్ను ఏడిపించిన ఆ తేడా, పోయేటప్పుడు కూడా ఒక విషయం చెప్పి పోయింది. థీసిస్‌లో దానికి ఒక పూర్తి సెక్షన్ రాశాను.

రాయడం గురించి ఒక మాట. అనిశ్చితి లెక్కను చివరి వారానికి వదిలేయకండి. క్లైన్, మెక్‌క్లింటాక్ 1953లో చెప్పిన పద్ధతి ప్రకారం ఒక్కో కొలతలో సందేహం ఎంతో తీసుకుని, తుది అంకెపై దాని ప్రభావాన్ని వర్గం చేసి, అన్నీ కూడి, వర్గమూలం తీయాలి. ప్రయోగం మొదలుపెట్టే ముందే ఈ లెక్క చేసుకుని ఉంటే, నీళ్ల ఉష్ణోగ్రత పెరుగుదలే నా సెటప్‌లో బలహీనమైన కొలత అని మొదటి రోజే తెలిసేది. డబ్బా, అడ్డు పలకలు మొదటి నెలలోనే పెట్టుకునేదాన్ని. అలాగే నోట్‌బుక్‌లో రోజూ రాయండి, పని జరగని రోజు కూడా. నా థీసిస్‌లో సెటప్ గురించిన అధ్యాయం మొత్తం ఆ నోట్‌బుక్ పేజీల నుంచే వచ్చింది.

వైవాలో బయటి ఎగ్జామినర్ గ్రాఫులన్నీ తిరగేసి అడిగిన మొదటి ప్రశ్న పట్టీ గురించి కాదు.

"ఖాళీ గొట్టంలో 8 వచ్చిందంటున్నారు. పుస్తకంలో 4.36 ఉంది. మీ అంకెని ఎందుకు నమ్మాలి?"

నలభై నిమిషాలు మాట్లాడాను. కరెంటు దిశ మార్చిన సంగతి, నీళ్లు లేకుండా కొలిచిన 6 వాట్లు, డబ్బా, సగానికి తగ్గించిన ప్రవాహం, బోర్లా తిప్పిన గొట్టం. అనిశ్చితి 5 శాతం లోపని చెప్పి, దాంట్లో ఎక్కువ భాగం ఎక్కడి నుంచి వస్తోందో కూడా చెప్పాను. ఒక్క కాగితం చూడాల్సిన అవసరం రాలేదు. పట్టీ గురించి అడగడానికి ఆయనకు పది నిమిషాలే మిగిలాయి.

ల్యాబ్ వదిలి వచ్చే ముందు సెటప్‌ని జూనియర్ తమ్ముడికి అప్పగించాను. వాల్వులు, లాగర్, కలిపే డబ్బా అన్నీ వివరంగా చూపించాను. నోట్‌బుక్ జిరాక్స్ ఇచ్చాను. అన్నీ చూసి చివర్లో పవర్ సప్లై పక్కనున్న స్విచ్ దగ్గర ఆగాడు.

"ఇదెందుకక్కా? గొట్టం ఎటు నుంచి కరెంటు పోయినా వేడెక్కుతుంది కదా?"

"ముందు నీళ్లు వదులు," అన్నాను. పాత థర్మోకపుల్స్‌లో ఒకటి దాచి ఉంచాను. దాని తీగల్ని గొట్టానికి నేరుగా తగిలేలా వేలితో నొక్కి పట్టుకుని, స్క్రీన్ చూస్తూ ఆన్ చేయమన్నాను.